ముప్ఫై ఒకటో వాల్వు

యుద్ధం తర్వాత దేశాన్ని మళ్ళీ ఎలా కట్టాలో జనరల్ గారికి పద్నాలుగు అధ్యాయాల్లో తెలుసు. ఆ పద్నాలుగూ వినే ప్రాప్తం మాత్రం ఊళ్ళో ఒక్క మనిషికే దక్కింది. ఆవిడ పంపుహౌస్ ఆపరేటరు. పంపక్క అంటారు అందరూ. పంపు తిరుగుతున్నంతసేపూ మీటరు ముల్లు మీద కన్నేసి ఉంచాలి, ముల్లు ఎర్రగీత దాటితే మోటారు కాలిపోతుంది, కాబట్టి ఆపరేటరు కుర్చీ వదిలి కదలడానికి వీల్లేదు. ఈ నియమం జనరల్ గారికి భలే నచ్చింది. యుద్ధం గెలిచాక ఆయనకి దొరికిన శ్రోతలందరిలో మధ్యలో లేచిపోనిది ఈవిడొక్కతే.

రోజూ సరిగ్గా ఎనిమిదింటికి జీపు గేటు ముందు ఆగేది. కెప్టెన్ ముందు దిగి స్టూలు తెచ్చి వేసేవాడు. వెనకాలే జనరల్ గారు కాగితాల కట్టతో వచ్చి కూర్చునేవారు. బయట బిందెల క్యూ రోడ్డు మలుపుదాకా ఉండేది, ఎందుకంటే ఊరు మొత్తానికి నీళ్ళు దొరికేది ఆ గేటు పక్కనున్న రెండు కుళాయిల దగ్గరే. అక్కడ ఆడవాళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే ఇక్కడ జనరల్ గారు గొంతు సవరించుకునేవారు.

"తిరుగుబాటుదారుడి బలం తుపాకీలో ఉండదమ్మా. పక్కింటివాడి నోట్లో ఉంటుంది. పక్కింటివాడు నోరు మూసుకున్నంతకాలం వాణ్ణి ఏ సైన్యమూ పట్టుకోలేదు. ఇది మూడో అధ్యాయం."

"బావుంది సార్," అనేది పంపక్క, ముల్లు మీంచి కళ్ళు తిప్పకుండా.

"యుద్ధం అయ్యాక దేశానికి మూడు కావాలి. రోడ్డు, నీళ్ళు, నమ్మకం. ఆ వరసలోనే."

"నమ్మకం ముందు పెడితే కాదా సార్?"

"నమ్మకానికి టెండరు పిలవలేం కదమ్మా."

ఆ రోడ్డు ముందు అన్న సిద్ధాంతమే ఊరి పీకలమీదికి తెచ్చింది. అది తెలియాలంటే పంపక్క మొగుడి సంగతి తెలియాలి.

ఆయన వాల్వ్‌మన్. ఛాతీ ఎత్తు ఇనప తాళంచెవి భుజాన వేసుకుని తెల్లారేసరికి బయల్దేరి, వీధి వీధికీ భూమిలో ఉన్న వాల్వు తిప్పి నీళ్ళు వదలడం, గంట తర్వాత మళ్ళీ వచ్చి మూయడం ఆయన పని. సాయంత్రం మళ్ళీ ఇదే. ఇరవై రెండేళ్ళు చేశాడు. ఊళ్ళో మొత్తం ముప్ఫై ఒక్క వాల్వులు. ఏది ఎక్కడుందో ఏ కాగితం మీదా లేదు. ఆ ఉద్యోగంలో కాగితం అలవాటే లేదు. రిటైరయ్యే వాల్వ్‌మన్ కొత్తవాణ్ణి ఏడాదిపాటు వెంట తిప్పుకుని, "రొట్టెల కొట్టు గడప నుంచి పదకొండు అడుగులు, పోస్టు డబ్బా వైపు తిరిగి నాలుగు" అంటూ వాడి కాళ్ళకి నేర్పించి పోయేవాడు. పైగా ఈ ఊరి వాల్వులకి ఇంకో తిక్క. లోకంలో ఉన్న వాల్వులన్నీ ఎడమకి తిప్పితే తెరుచుకుంటే ఇవి కుడికి తిప్పితే తెరుచుకుంటాయి. వాటిని పెట్టినవాడు ఆ రోజు ఎవరితో పోట్లాడి వచ్చాడో ఏమో.

యుద్ధం చివరి ఏడాది ఫిరంగులు పైపులు పగలగొడుతుంటే, గుట్ట మీద ట్యాంకు ఖాళీ అయిపోకుండా ఆయన ఒక్కో వీధి వాల్వూ మూసుకుంటూ వచ్చాడు. అంతవరకూ డ్యూటీ. అదే ఊపులో సైనిక బ్యారక్‌కి వెళ్ళే వాల్వు కూడా మూసేశాడు. అది డ్యూటీ కాదు. నలభై రోజులపాటు ఒక పెద్ద సైన్యం స్నానాల్లేకుండా యుద్ధం చేసింది, జనరల్ గారితో సహా. ఆ దెబ్బకి, జన్మలో తుపాకీ ముట్టని మనిషి పేరు తిరుగుబాటుదారుల జాబితాలోకి ఎక్కింది. ఖైదీల శిబిరంలో ఏడేళ్ళ శిక్ష. ఒకటి గడిచింది, ఆరు మిగిలాయి.

ఈలోగా జనరల్ గారు తమ సిద్ధాంతం ప్రకారం ముందు రోడ్లు వేయించారు. రోడ్లు నిజంగానే అద్దంలా వచ్చాయి. రిబ్బన్లు కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నీళ్ళ వంతు వచ్చినప్పుడు చూసుకుంటే, ముప్ఫై ఒక్క వాల్వుల మూతలూ కొత్త తారు కిందికో కొత్త రాళ్ళ కిందికో పోయాయి. ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, పైపులు అతికించారు, కుళాయి తిప్పితే గాలి. సైనిక ఇంజనీర్లు ఊహించి ఊహించి తవ్వి ఎలాగో రెండు వాల్వులు పట్టుకున్నారు. లోకరీతిగా ఎడమకి తిప్పారు. రాకపోతే ముగ్గురు కలిసి తిప్పారు. రెండు వాల్వుల మెడలూ విరిగి చేతికొచ్చాయి.

ఆ విరిగిన ముక్క ఒకటి పట్టుకుని జనరల్ గారు ఓ ఉదయం పంపుహౌస్‌లో నిస్త్రాణగా కూర్చున్నారు. ఆరోజు అధ్యాయమేమీ చదవలేదు. పంపక్క నెల రోజులుగా నోట్లో దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టింది.

"సార్, ఆ వాల్వులు ఎక్కడున్నాయో తెలిసిన కాళ్ళు మీ శిబిరంలోనే ఉన్నాయి."

జనరల్ గారు మూడు రోజులు ఆలోచించారు. క్షమాభిక్ష మీద ఆయన ఏడో అధ్యాయం చాలా కఠినం. లొంగిపోయినవాడు వేరు, పట్టుబడ్డవాడు వేరు, పట్టుబడ్డవాణ్ణి ఊరికే వదిలేస్తే క్షమాపణకి విలువుండదు అని అందులో ఉంది. నాలుగో రోజు ఒక ఉత్తర్వు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. 'పట్టణంలో నీళ్ళు వదిలే పని పూర్తయ్యేంతవరకు ఖైదీ తన ఇంటివద్ద ఉండవచ్చును. ఇద్దరు సైనికులు కాపలా ఉంటారు. పని పూర్తయిన రోజునే ఖైదీ శిబిరానికి తిరిగి వెళ్ళవలెను.' పంపక్క దాన్ని మూడుసార్లు చదివింది. మొదటిసారి సంతోషమేసింది. మూడోసారి చదువుతుంటే ఆ చివరి వాక్యం దగ్గరే వేలు ఆగిపోయింది.

మొగుడు ఇంటికొచ్చాడు. సగమయ్యాడు. ఎండుకట్టెలా ఉన్న కొడుకుని అత్త ఎగాదిగా చూసి, "శిబిరంలో మీ జనరల్ ఉపన్యాసాలే పెట్టాడా, అన్నం పెట్టలేదా?" అంది కాపలావాళ్ళకి వినబడేలా. డెబ్బై ఏళ్ళు దాటిన ఆ మనిషికి జనరల్ అన్నా జడ్జీ అన్నా ఒకటే లెక్క. జనరల్ గారిని ఆవిడ మీసాలాయన అనేది.

మర్నాడే పని మొదలైంది. ఆయన మొట్టమొదట తెరిచింది బ్యారక్ వాల్వే. అదేంటని కెప్టెన్ అడిగితే, "మూసింది నేనే కదండీ," అన్నాడు. మిగతావాటికి గుర్తులుగా ఉన్న రొట్టెల కొట్టు లేదు, పోస్టు డబ్బా లేదు, రెండూ ఫిరంగులకి పోయాయి. అయినా కొట్టు ఉండాల్సిన చోట నిలబడి కళ్ళు మూసుకుని అడుగులు వేసేవాడు. ఆగిన చోట సైనికులు తారు పగలగొడితే మూత ఉండేది. కుడికి తిప్పేవాడు. కాసేపు పైపుల్లో దగ్గులు, తర్వాత ఎర్రటి బురద, తర్వాత నీళ్ళు. విరిగిన రెండింటికీ కొత్త మెడలు చేయించి వేశాడు. మూడు నెలల్లో ముప్ఫై వాల్వులు అయ్యాయి. ఒక్కటి మిగిలింది. అది వాళ్ళ సొంత వీధిది.

వాళ్ళది గుట్ట వాలున మెట్ల వీధి. నలభై ఇళ్ళు, నూట పన్నెండు మెట్లు. మొగుడు పంపుహౌస్‌కి అన్నం తినడానికొచ్చి గోడకానుకుని, "రేపటితో అయిపోతుందే," అన్నాడు.

"అయిపోతే?" అంది పంపక్క.

ఆయన అన్నం గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఆ వాల్వు ఎక్కడుందో మర్చిపో," అంది ఆవిడ. "ఊళ్ళో అందరికీ ఇచ్చాం. ఇంక మన వీధి ఒక్కటే కదా. పక్కవీధి నుంచి మోసుకుంటాం. నిన్ను ఆరేళ్ళు పోగొట్టుకునే ఓపిక నాకు లేదు."

"నాకు అబద్ధం చేతకాదే."

"నువ్వు చెప్పక్కర్లేదు. తప్పుడు చోట తవ్వు, చాలు."

అంత సులువుగా అయ్యేది కాదు. వాల్వు ఉన్నది, రోడ్డు వేసినప్పుడు దర్జీ కొట్టుకి కొత్తగా వేసిన గుమ్మం రాయి కింద. ఇరవై రెండేళ్ళు రోజూ పొద్దున్నే ఆయన అక్కడ తాళంచెవి దింపి తిప్పడం నలభై ఇళ్ళవాళ్ళూ చూశారు. ఏ ఒక్కరు నోరు జారినా కథ ముగిసినట్టే. పంపక్క ఇంటింటికీ వెళ్ళి బతిమాలుకుందామనుకుంది. మొదటి ఇల్లు నర్సమ్మది. పంపక్క ఇంకా నోరు తెరవకుండానే నర్సమ్మ, "నాకేం తెలీదమ్మా ఆ వాల్వు సంగతి," అని మొహం మీదే తలుపేసింది. రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇల్లు దర్జీది. ఆయన గుమ్మం రాయి మీదికి కుట్టు మిషను జరిపి, దాని మీద గుడ్డ పరుచుకుని కుడుతున్నాడు. "లోపల వెలుతురు చాలట్లేదు అక్కా," అన్నాడు తల ఎత్తకుండా. పంపక్క మిగతా ఇళ్ళకి వెళ్ళలేదు. ఇంటికొచ్చి తలుపు వెనక నిలబడి కాసేపు ఏడ్చింది.

అక్కణ్ణుంచి డెబ్బై రోజులు మెట్ల వీధి బిందెలు మోసింది. కిందికి ఖాళీ బిందె, పైకి నిండు బిందె, నూట పన్నెండు మెట్లు. కాపలా సైనికులిద్దరి చేతా అత్త మోయించింది. "తింటున్నారుగా, ఊరికే కూర్చుంటే అరగదు," అని చెరో బిందె అంటగట్టేది. వాళ్ళకీ సంగతి తెలిసిపోయింది. ఓసారి దర్జీ గుమ్మం మీద కూర్చోబోతే అత్త అదిలించిన తీరుకే సగం అర్థమైంది వాళ్ళకి. కానీ బ్యారక్‌లో పొద్దున్నే కవాతు, ఇక్కడ మధ్యాహ్నం కునుకు. వాళ్ళెందుకు చెబుతారు?

మొగుడు మాత్రం పంపక్క చెప్పిన చోటల్లా తవ్వాడు. అబద్ధం చేతకాని మనిషి కాబట్టి ప్రతి గొయ్యీ శ్రద్ధగా, నలుచదరంగా, వాల్వు నిజంగా అక్కడున్నట్టే తవ్వాడు. పదకొండు గోతులయ్యాయి. మెట్ల మలుపుల్లో జనరల్ గారు వేయించిన అద్దంలాంటి తారు చిల్లులు పడింది.

చివరికి ఆయనే స్వయంగా విచారణకొచ్చారు. కెప్టెన్ వీధి పటం పట్టుకుని వెంట నడిచాడు. ఇంటింటికీ ఒకటే ప్రశ్న, యుద్ధానికి ముందు వాల్వ్‌మన్ ఎక్కడ నిలబడి తిప్పేవాడు? ఎవరూ తెలీదనలేదు. అందరూ ఉత్సాహంగా చూపించారు. ఒకరు మలుపు దగ్గరన్నారు, ఒకరు మెట్ల మొదట్లో అన్నారు, నర్సమ్మ తన వంటింటి కిందే అని ఒట్టేసింది. అత్త అయితే, "మీసాలాయనా, నువ్వు నిలబడ్డావే, సరిగ్గా అక్కడే," అంది. ఆయన ఉలిక్కిపడి పక్కకి జరిగారు. కెప్టెన్ పటం మీద నలభై చుక్కలు పెట్టాడు.

మర్నాడు ఎనిమిదింటికి జనరల్ గారు కెప్టెన్‌ని జీపులోనే ఉండమని ఒక్కరే లోపలికొచ్చారు. స్టూలు తనే లాక్కున్నారు. పటం విప్పి పంపక్క ఒళ్ళో పెట్టారు.

"చూడు. వీధంతా చుక్కలే. ఒక్కచోట తప్ప. దర్జీ గుమ్మం నలభైమందిలో ఒక్కరు కూడా చూపించలేదు."

పంపక్క పటం మీంచి కళ్ళు ముల్లు మీదికి తిప్పుకుంది. లేచి పారిపోదామంటే ముల్లు ఎర్రగీత పక్కనే ఊగుతోంది.

"మూడో అధ్యాయం గుర్తుందా?" అన్నారాయన. కోపంగా కాదు, కొంచెం ముచ్చటపడుతున్నట్టే అన్నారు. "పక్కింటివాడి నోరు. ఈ దేశంలో తిరుగుబాటు అణిచేశానని పోయిన నెలే రాజధానికి రాసి పంపాను. ఇక్కడ నా ముక్కు కిందే ఒక వీధి వీధంతా తిరుగుబాటు చేస్తోంది. ఆయుధాలేమిటంటే బిందెలు. ఎవరు నాయకుడు?"

"ఎవరూ లేరు సార్. నేను అడగనైనా లేదు."

"అదే నాకు భయంగా ఉంది," అన్నారు జనరల్ గారు.

పంపక్కకి పోయేదేమీ మిగల్లేదు. అలాంటప్పుడు మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది. "సార్, ఒక మాట అడుగుతాను. మా వీధికి నీళ్ళొచ్చేస్తే మావారు శిబిరానికి వెళ్తారు. మరి మీరెక్కడికి వెళ్తారు?"

ఆయన మీసం మీద చెయ్యి వేసి తీసేశారు. "రాజధానికి పిలుస్తారు. ఇక్కడి ఆఫీసు మూసేస్తారు. విశ్రాంతి." ఆ చివరి మాట, జనం రోగం పేరు చెప్పినట్టు చెప్పారు. "ఇంట్లో ఎవరూ లేరు. పెద్ద ఇల్లు."

"వినేవాళ్ళుండరన్నమాట."

ఆయన ఆమె ఒళ్ళోంచి పటం తీసుకున్నారు.

"ఆ ఏడో అధ్యాయం మార్చండి సార్. ఇంతవరకూ దాన్ని విన్నది నేనొక్కదాన్నే కదా. ముందు ఇంకోలా ఉండేదని నేనెవరికీ చెప్పను."

జనరల్ గారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. పటం మడిచి జేబులో పెట్టుకున్నారు. కెప్టెన్‌కి మాత్రం ఏమీ చెప్పినట్టు లేదు, ఎందుకంటే ఆరోజు దర్జీ కొట్టు దగ్గరికి ఎవరూ రాలేదు.

సాయంత్రం అత్త డెబ్బై తొమ్మిదో మెట్టు మీద జారింది. మోయొద్దని ఎంత మొత్తుకున్నా వినకుండా చిన్న చెంబుతో తెస్తోంది. కాలు మడమ దగ్గర బూరెలా పొంగింది. నర్సమ్మ కట్టు కడుతుంటే, "చెంబు సొట్టపోయిందా?" అని అడిగింది ఆవిడ. కొడుకు ఆ మాటకి నవ్వలేదు. గోడకానించిన ఇనప తాళంచెవి వైపు చూశాడు.

"నలభై రోజులు సైన్యానికి నీళ్ళు మూశాను. దానికి నేను సిగ్గుపడలేదు," అన్నాడు చివరికి. "డెబ్బై రోజులు మా అమ్మకి మూశాను. నా వల్ల కాదే ఇంక."

"ఆరేళ్ళయ్యా," అంది పంపక్క.

"తెలుసు."

ఆవిడ ఆయనతో పోట్లాడటానికి మాటలన్నీ కూడదీసుకుంది. అత్త కాలు చూసింది, గుమ్మం బయట బరువుగా మెట్లెక్కుతున్న దర్జీ పెళ్ళాన్ని చూసింది. మాటలన్నీ మింగేసి, తెల్లారగానే తాళంచెవి తనే తీసి మొగుడి భుజాన పెట్టింది.

ఆరోజు జనరల్ గారు ఎనిమిదింటికి పంపుహౌస్‌కి వెళ్తే పంపు ఆగి ఉంది. ట్యాంకు నిండింది. కుర్చీ ఖాళీ. శ్రోత లేచిపోయింది. ఆయన ఒక నిమిషం ఆ కుర్చీ వైపు చూసి, జీపు మెట్ల వీధికి తిప్పమన్నారు.

వీధంతా దర్జీ కొట్టు ముందే ఉంది. మిషను పక్కకి జరిపారు, గుమ్మం రాయి లేచి ఉంది, కింద మూత తీసి ఉంది. అత్తని కుర్చీతో సహా ఎత్తుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. వాల్వ్‌మన్ తాళంచెవి దింపి, ఇంకా తిప్పకుండా పట్టుకుని నిలబడ్డాడు. జనరల్ గారిని చూసి జనం నోళ్ళు మూతపడ్డాయి. ఆ విద్యలో వాళ్ళు అప్పటికే ఆరితేరారు.

"దొరికింది సార్," అన్నాడు వాల్వ్‌మన్.

"కనబడుతోంది," అన్నారు జనరల్ గారు. గొయ్యి అంచుకి వచ్చి, చేతులు చాచి తాళంచెవి అందుకున్నారు. "కుడికేగా?"

"కుడికే సార్."

ఆయన కుడికి తిప్పారు. మొదట కదల్లేదు. టోపీ తీసి కెప్టెన్ చేతికిచ్చి మళ్ళీ బలంగా తిప్పారు. భూమి లోపల ఎక్కడో గుర్రుమని శబ్దం, ఒకదాని తర్వాత ఒకటిగా కుళాయిల్లో దగ్గులు, నర్సమ్మ ఇంట్లోంచి మొదటి కేక. నలభై ఇళ్ళలోకీ జనం పరిగెత్తారు. గొయ్యి దగ్గర పంపక్క, మొగుడు, అత్త మిగిలారు. కాపలా సైనికులిద్దరూ నేల చూపులు చూస్తూ వచ్చి వాల్వ్‌మన్‌కి చెరో పక్కా నిలబడ్డారు. కెప్టెన్ సంచిలోంచి ఉత్తర్వు తీశాడు.

"పని పూర్తయింది సార్. ఖైదీని శిబిరానికి పంపించమంటారా?"

పంపక్క మొగుడి చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకుంటే ఎవరూ తీసుకెళ్ళరన్నట్టు పట్టుకుంది. జనరల్ గారు ఉత్తర్వు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తమ రాతే తాము మొదటిసారి చదువుతున్నట్టు చదివారు. తర్వాత వాల్వ్‌మన్‌ని అడిగారు.

"దీన్ని మళ్ళీ ఎప్పుడు మూస్తావు?"

"గంటాగి మూస్తాను సార్. లేకపోతే కింది వీధికి అందవు."

"మళ్ళీ?"

"సాయంత్రం తెరవాలి. మళ్ళీ మూయాలి. రేపు పొద్దున్నే మళ్ళీ."

"ఇలా ఎన్నాళ్ళు?"

వాల్వ్‌మన్‌కి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఎన్నాళ్ళేంటి సార్? జనానికి దాహం వేసినన్నాళ్ళు."

జనరల్ గారు కెప్టెన్ వైపు తిరిగారు. "విన్నావా? నీళ్ళు వదిలే పని పూర్తయ్యేంతవరకూ ఇంటి దగ్గరే ఉండాలని రాసింది నేనే. అది పూర్తయ్యే పని కాదట."

"మరి రాజధానికి ఏమని రాయమంటారు సార్?"

"వాల్వులన్నీ తెరుచుకున్నాయని రాయి. నన్నిక పిలిపించుకోమను." ఉత్తర్వు మడిచి పంపక్క చేతిలో పెట్టారు. ఆయన మీసాల మీద ఎర్ర బురద చిందింది. అది చూసి అత్త ఏదో అనబోయింది, ఎందుకో ఆగింది. కుర్చీ పక్కనున్న సొట్ట చెంబుని పైట కొంగుతో తుడిచి, కుళాయి కిందికి పంపి, నిండాక తన చేత్తోనే ఆయనకి అందించింది.

ఆయన గటగటా తాగేశారు. కెప్టెన్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. కాపలావాళ్ళని ఏం చెయ్యమంటారని మెల్లిగా అడిగాడు.

"బ్యారక్‌కి పంపించెయ్," అన్నారు జనరల్ గారు ఖాళీ చెంబు అత్తకి ఇచ్చేస్తూ. "స్నానాలు చెయ్యమను."